ఏ సిస్టమ్ మీద ఆడించావప్పా?

ఎవరైనా వచ్చి ఫలానా చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) రేటింగ్, అంటే దాని బలం చెప్పే అంకె, 3000 అన్నారంటే నేను మొదట అడిగేది ఇదే. రెండో ప్రశ్న, ఎదుటి ఇంజిన్‌కి ఎన్ని థ్రెడ్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి నడిచే లెక్కల వరుసలు) ఇచ్చావు అని. రెండింటికీ జవాబు రాకపోతే మూడో ప్రశ్న అడగను, టీ తెప్పిస్తాను.

కర్నూలులో రాజ్ విహార్ సెంటర్‌కి కొంచెం లోపల, ఒక సందులో నాది కంప్యూటర్ రిపేరు షాపు. పెంటియం రోజుల నుంచి సిస్టమ్‌లు బిగిస్తున్నాను. రిపేరుకి ఎంతవుతుందో చెప్పగానే "నీ దగ్గరే పెట్టుకో అన్నా" అని కస్టమర్లు వదిలేసి పోయిన సీపీయూలు ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిలో బతికున్న వాటి మీద రాత్రిళ్లు చెస్ ఇంజిన్ల మధ్య మ్యాచ్‌లు పెడుతుంటాను. బోర్డు ముందు కూర్చుంటే పదో తరగతి పిల్లలు కూడా నన్ను ఓడిస్తారు, ఆ సంగతి వేరే. రెండు ప్రోగ్రాముల్లో ఏది గట్టిదో తేల్చాలంటే ఆట తెలివి కన్నా సిస్టమ్ తెలివే ఎక్కువ కావాలి. అది మన పనే కదా.

ఈ మధ్య నంద్యాల నుంచి ఇంజినీరింగ్ కుర్రాడొకడు వస్తున్నాడు. సీ ప్లస్ ప్లస్‌లో సొంతంగా చెస్ ఇంజిన్ రాస్తున్నాడు. నిజంగా మంచి పని. ఒకరోజు ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు.

"అన్నా, ఇంజిన్లకి రేటింగ్‌లిచ్చే సీసీఆర్‌ఎల్ లిస్టులో 2900 ఉన్న ఇంజిన్‌ని నాది కొట్టేసింది. అంటే నాది 3000 పైనే కదా?"

"ఎట్లా కొట్టింది? చూపియ్."

సెట్టింగులు తెరిచి చూస్తే సంగతి తెలిసింది. వీడి ఇంజిన్ తనంతట తానే ఎనిమిది థ్రెడ్లూ తీసుకుంటోంది, ఒక జీబీ హ్యాష్ వాడుతోంది. ఎదుటిది ఒకే థ్రెడ్ మీద, 16 ఎంబీ హ్యాష్‌తో ఆడుతోంది. కుర్రాడు మోసం చేశాడనుకోకండి. చాలా ఇంజిన్లు ఏమీ మార్చకపోతే అట్లాగే మొదలవుతాయి. పేరున్న ఇంజిన్ స్టాక్‌ఫిష్ అంతటిది కూడా మనం చెప్పకపోతే ఒక థ్రెడ్, 16 ఎంబీ హ్యాష్‌తోనే కూర్చుంటుంది.

హ్యాష్ అంటే ఇంజిన్ చూసేసిన పొజిషన్లను గుర్తు పెట్టుకునే చోటు. చెస్‌లో ఒకే పొజిషన్‌కి వేరే వేరే ఎత్తుల వరుసల్లో రావచ్చు కాబట్టి, ఆ జ్ఞాపకం లేకపోతే చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాలి. స్టాక్‌ఫిష్ లెక్కలో 16 ఎంబీలో పట్టేది సుమారు 15 లక్షల పొజిషన్లు. ఇప్పటి ప్రాసెసర్ మీద మంచి ఇంజిన్ ఒక్క థ్రెడ్‌తోనే సెకనుకి పది లక్షల దాకా చూస్తుంది. ఇక ఆ జాగా ఎంతసేపటికి నిండుతుందో మీరే లెక్కేసుకోండి. ఎత్తుకి అర నిమిషం ఆలోచించే ఆటలో అది దాదాపు మతిమరుపుతో ఆడుతున్నట్టే.

ఇద్దరికీ ఒకే థ్రెడ్, ఒకే హ్యాష్ ఇచ్చి, ఒకే ఓపెనింగ్‌ని రంగులు మార్చి రెండుసార్లు ఆడించేలా మ్యాచ్ మళ్లీ పెట్టాను. తెల్లారి వచ్చి స్కోరు చూసి కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. ఓడిపోయింది. మరీ ఘోరంగా ఏం కాదు, ఆ వయసులో రాసిన ప్రోగ్రామ్‌కి అది గొప్ప స్కోరే. కానీ 3000 మాట మళ్లీ ఎత్తలేదు.

సీసీఆర్‌ఎల్ వాళ్లు ఒకే ఇంజిన్‌కి ఒక సీపీయూ (అంటే ప్రాసెసర్‌లో లెక్క చేసే ఒక కోర్) మీద వచ్చిన రేటింగ్, నాలుగు సీపీయూల మీద వచ్చిన రేటింగ్ విడివిడిగా రాస్తారు. రెండూ రెండు వేర్వేరు ఆటగాళ్లన్నట్టే లెక్క. ఆ లిస్టు చూసేవాళ్లలో చాలామంది ఆ చివరి ముక్క చదవరు.

ఇంకా పాత లిస్టు స్వీడన్ వాళ్లది, ఎస్‌ఎస్‌డీఎఫ్. 1980ల నుంచి నడుస్తోంది, చెస్ బోర్డులోనే కంప్యూటర్ ఉండే మెఫిస్టో లాంటి పెట్టెల కాలం నుంచి. వాళ్ల అలవాటు నాకు చాలా ఇష్టం. ప్రోగ్రామ్ పేరు పక్కనే సిస్టమ్ పేరు కూడా అచ్చేస్తారు. ఫ్రిట్జ్ 6, 128 ఎంబీ, కే6-2 450 మెగాహెర్ట్జ్, ఇట్లా ఉంటుంది వరుస. అంటే రేటింగ్ ఫ్రిట్జ్‌ది కాదు, ఆ ప్రాసెసర్ మీద కూర్చున్న ఫ్రిట్జ్‌ది. కే6-2 సిస్టమ్‌లు నేను బోలెడు బిగించాను కాబట్టి ఆ వరుస చూస్తే ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. వేగం రెట్టింపయితే సుమారు 50 నుంచి 70 పాయింట్లు పెరుగుతుందని ఆ రోజుల లెక్క. ఇప్పుడంత రాదు, పై మెట్టులో ఉన్న ఇంజిన్లు ఎక్కువ సమయమిస్తే డ్రాలే ఎక్కువ చేసుకుంటాయి.

స్వీడన్ వాళ్లు రెండు ఇంజిన్లనీ రెండు వేరే సిస్టమ్‌ల మీద పెట్టి ఆడించేవాళ్లు. 40 ఎత్తులకి రెండు గంటలు. ఎదుటివాడి సమయంలో కూడా ఆలోచించనిచ్చేవాళ్లు, దాన్నే పాండరింగ్ అంటారు. మనం ఒకే సిస్టమ్ మీద రెండింటినీ ఆడిస్తూ పాండర్ ఆన్‌లో పెడితే ఒకదాని కోర్లు ఇంకొకటి లాక్కుంటుంది. ఎక్కువ థ్రెడ్లు లాక్కున్నదే గెలుస్తుంది. ఒకే సిస్టమ్ ఉన్నవాళ్లు పాండర్ ఆఫ్ చేయండి, అంతే, అందులో చర్చ లేదు.

అందరి దగ్గరా ఒకే ప్రాసెసర్ ఉండదు కదా, మరి అందరి ఆటలూ కలిపి ఒకే లిస్టు ఎట్లా చేస్తారు? సీసీఆర్‌ఎల్ వాళ్లు దీనికి ఒక దారి పెట్టుకున్నారు. ఒక సిస్టమ్‌ని కొలతగా తీసుకుంటారు. మొదట్లో అది అథ్లాన్ 64 ఎక్స్2 4600+, దాని మీద 40 ఎత్తులకి 40 నిమిషాలు. తర్వాత ఇంటెల్ ఐ7-4770కే, దాని మీద 40 ఎత్తులకి 15 నిమిషాలు. టెస్ట్ చేసేవాడు తన సిస్టమ్ మీద బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష, మేం బెంచ్ అంటాం) నడిపి, తనది కొలత సిస్టమ్ కన్నా ఎంత వేగమో చూసుకుని, సమయాన్ని ఆ మేరకు తగ్గిస్తాడు. నీది రెట్టింపు వేగమైతే 15 నిమిషాల బదులు ఏడున్నర నిమిషాలే ఇస్తావు. మా మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల బస్తా తూచి గోనె బరువు తీసేస్తారు చూడండి, అట్లా సిస్టమ్ బరువు తీసేసి ప్రోగ్రామ్ బరువు మిగుల్చుకోవడం.

పద్ధతి మంచిదే. కానీ ఆ గోనె బరువు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉంటుందని కర్నూలులో షాపు పెట్టుకున్నవాడికే తెలుస్తుంది.

మే నెలలో ఇక్కడ 43 డిగ్రీలు మామూలు. మాది పైన రేకులు, కింద ఫ్యాను. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గరికి చేరితే తమను తాము కాపాడుకోవడానికి క్లాక్ (నడిచే వేగం) తగ్గించేసుకుంటాయి. ల్యాప్‌టాప్‌లయితే ఆ గీతకి రావడానికి ఎంతోసేపు పట్టదు. దుమ్ము కూడా కలిస్తే చెప్పనక్కర్లేదు. కంకర మిషన్ల పక్కన ఉన్న ఆఫీసుల నుంచి వచ్చే సీపీయూలు తెరిస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య తెల్లటి పిండి గడ్డకట్టి ఉంటుంది. ఒకే సిస్టమ్ మీద ఒకే బెంచ్‌ని బ్లోయర్ కొట్టకముందు ఒకసారి, కొట్టి థర్మల్ పేస్ట్ మార్చాక ఒకసారి నడిపి చూడండి. ప్రాసెసర్ మార్చేశారేమో అనిపిస్తుంది.

ఇది చెబితే మా కుర్రాడు ఒక మంచి మాట అన్నాడు. "ఒకే సిస్టమ్ మీద ఆడుతున్నప్పుడు ఇద్దరికీ ఒకే ఎండ కదన్నా?"

అవును, చాలామటుకు నిజమే. ఒకరి తర్వాత ఒకరు ఆలోచిస్తారు కాబట్టి వేడి ఇద్దరికీ సమానంగానే తగులుతుంది. ఎవరు గెలిచారన్న దాంట్లో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది సమయం లెక్క కట్టే చోట. చాలామంది పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మిగతా కోర్లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్క థ్రెడ్ మీద బెంచ్ కొడతారు. అప్పుడు టర్బో, అంటే ప్రాసెసర్ తాత్కాలికంగా పెంచుకునే వేగం, పూర్తిగా ఎక్కి ప్రాసెసర్ గుర్రంలా ఉంటుంది. తర్వాత ఆరు ఆటలు ఒకేసారి మొదలుపెడతారు. కోర్లన్నిటికీ పని పడగానే టర్బో దిగిపోతుంది, మధ్యాహ్నానికి ఇంకా దిగుతుంది. ఆ ఆటలన్నీ తక్కువ వేగంతో ఆడినవి, వాటికిచ్చిన సమయమేమో ఎక్కువ వేగానికి లెక్క కట్టింది. అందుకే నేను బెంచ్‌ని మ్యాచ్ ఎట్లా నడుస్తుందో అట్లాగే నడుపుతాను. ఆరు ఆటలు పెట్టేటట్టయితే ఆరు బెంచ్‌లు ఒకేసారి, సిస్టమ్ బాగా వేడెక్కాక, మ్యాచ్ నడిచే వేళలోనే.

సరే, సమయం కాస్త తగ్గితే ఏమైంది, ఇద్దరికీ తగ్గింది కదా అంటారేమో. అన్ని ఇంజిన్లూ సమయానికి ఒకేలా స్పందించవు. కొన్ని తక్కువ సమయంలో చురుగ్గా ఉంటాయి, సమయమిచ్చినా పెద్దగా ఎదగవు. కొన్ని నిదానంగా మొదలై లోతుకి పోయేకొద్దీ బలపడతాయి. సిస్టమ్ నెమ్మదించిందంటే మొదటి రకానికి తెలియకుండానే సాయం చేసినట్టు. ఇద్దరికీ సమానంగా కోత పెట్టినా వరుస మారిపోవచ్చు.

ఇక ల్యాప్‌టాప్ ఛార్జర్ సంగతి. కరెంటు పోగానే బ్యాటరీ మీదకి మారి క్లాక్ సగానికి దిగే మోడళ్లు ఉన్నాయి. రాత్రి మ్యాచ్ పెట్టి పడుకుంటే మధ్యలో ఏం జరిగిందో పొద్దున స్కోరులో కనబడదు. డెస్క్‌టాప్, దానికో యూపీఎస్, అంతకన్నా దారి లేదు.

కొత్త ప్రాసెసర్లు ఇంకో తలనొప్పి తెచ్చాయి. ఇంటెల్ 12వ తరం నుంచి, అంటే 2021 చివరి నుంచి, చాలా ప్రాసెసర్లలో పెద్ద కోర్లు కొన్ని, చిన్న కోర్లు కొన్ని కలిసి ఉంటాయి. ఏ ప్రోగ్రామ్‌ని ఏ కోర్ మీద కూర్చోబెట్టాలో విండోస్ తన ఇష్టప్రకారం చూసుకుంటుంది. ఒక ఇంజిన్‌కి పెద్ద కోర్, దాని ఎదుటిదానికి చిన్న కోర్ పడితే సిస్టమ్ ఒకటే అయినా హార్డ్‌వేర్ ఒకటి కాదు. కొత్త సిస్టమ్ కొని గర్వంగా మ్యాచ్ ఫలితాలు చూపించేవాళ్లని నేను ఈ మాట అడిగితే మొహం మాడ్చుకుంటారు. చిన్న కోర్లని బయాస్ (సిస్టమ్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు)లో ఆపేయవచ్చు, లేదా ఏ కోర్ మీద నడవాలో మనమే కట్టేయవచ్చు. హైపర్‌థ్రెడింగ్ కూడా ఇదే బాపతు. నాలుగు కోర్ల ప్రాసెసర్ ఎనిమిది చూపిస్తుంది కదా అని ఎనిమిది ఆటలు పెడితే, ఒక్కో కోర్‌ని రెండేసి ఆటలు పంచుకుంటాయి. నేను అసలు కోర్ల లెక్కలో ఒకటి తగ్గించి పెడతాను, ఆ ఒకటి విండోస్‌కి, యాంటీవైరస్‌కి.

ఇదంతా ఒక ఎత్తు. ఈ కింద చెప్పేది వేరే ఎత్తు, ఎందుకంటే దీనికి స్క్రూడ్రైవర్‌తో పరిష్కారం లేదు.

2020 సెప్టెంబరులో స్టాక్‌ఫిష్ 12 వచ్చింది, దాంతో పొజిషన్ ఎవరికి మేలో అంచనా వేసే ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది. షోగి (జపాన్ చదరంగం) ప్రోగ్రాముల నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. గ్రాఫిక్ కార్డు అక్కర్లేదు, మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది, కానీ ఏవీఎక్స్2 లాంటి సూచనలు (ఒకేసారి చాలా లెక్కలు చేయించే ఆదేశాలు) ప్రాసెసర్‌లో ఉంటేనే దాని వేగం దానికి వస్తుంది. నా బీరువాలోని కోర్ 2 డుయోలకి అది లేదు. ఆ సిస్టమ్ మీద ఎన్‌ఎన్‌యూఈ ఇంజిన్‌ని, పాత పద్ధతి ఇంజిన్‌ని ఆడిస్తే హార్డ్‌వేర్ అక్షరాలా ఒకటే. న్యాయం మాత్రం జరగలేదు. అట్లాగే ఏఎమ్‌డీ రైజెన్‌లో జెన్ 3 కన్నా ముందు వచ్చిన ప్రాసెసర్లలో పెక్స్‌ట్ అనే ఒక సూచన చాలా నెమ్మది. దాన్ని వాడే బీఎమ్‌ఐ2 బిల్డ్ (ఒక్కో రకం ప్రాసెసర్ కోసం తయారుచేసిన ఇంజిన్ ఫైలు) వేస్తే ఇంజిన్ అక్కడ నడుం విరిగినట్టు నడుస్తుంది, జెన్ 3లో గానీ అది సరికాలేదు. కాబట్టి ఒకే సిస్టమ్ అని చెప్పినంత మాత్రాన సరిపోదు. ఏ బిల్డ్ వేశావో కూడా చెప్పాలి, ఒక్కో ఇంజిన్‌కి ఆ ప్రాసెసర్‌కి సరిపోయే మంచి బిల్డే వెయ్యాలి.

గ్రాఫిక్ కార్డు (జీపీయూ) మీద నడిచే లీలా లాంటి ఇంజిన్లు వస్తే ఇంకా చిక్కు. ఒకటి సీపీయూ మీద, ఒకటి జీపీయూ మీద ఆడితే ఏది ఎంత ఇస్తే సమానం? 2017 డిసెంబరులో గూగుల్‌కి చెందిన డీప్‌మైండ్ వాళ్లు తమ చెస్ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో ఫలితం బయటపెట్టినప్పుడు గొడవంతా ఇదే. స్టాక్‌ఫిష్ మీద వంద ఆటల్లో 28 గెలుపులు, 72 డ్రాలు, ఒక్క ఓటమీ లేదు. ఆల్ఫాజీరో కింద నాలుగు టీపీయూలు (న్యూరల్ నెట్‌వర్క్‌ల కోసం గూగుల్ చేసిన చిప్పులు). స్టాక్‌ఫిష్‌కి 64 థ్రెడ్లు ఇచ్చారు గానీ హ్యాష్ ఒక్క జీబీ, పైగా ఎత్తుకి కచ్చితంగా ఒక నిమిషం. 64 థ్రెడ్లు ఆ ఒక జీబీని ఎంతలో నింపేస్తాయో పైన చెప్పిన లెక్కే చెబుతుంది. నిమిషం నియమం అంతకన్నా అన్యాయం అని నేనంటాను. ఎక్కడ ఆలోచించాలి, ఎక్కడ చప్పున ఆడేయాలి అన్నది స్టాక్‌ఫిష్‌లో ఏళ్ల తరబడి సానబట్టిన విద్య, దాన్ని మొత్తంగా కట్టేశారు.

వాళ్లు ఆ విమర్శని కొట్టిపారేయలేదు, అది మెచ్చుకోవాలి. ఏడాది తర్వాత సైన్స్ పత్రికలో అచ్చయిన మ్యాచ్‌లో స్టాక్‌ఫిష్‌కి 44 కోర్లు, 32 జీబీ హ్యాష్, ఆటకి మూడు గంటలు, ఎత్తుకి 15 సెకన్లు అదనం ఇచ్చారు. వెయ్యి ఆటల్లో ఆల్ఫాజీరో 155 గెలిచి ఆరు ఓడింది. అప్పుడూ అదే గెలిచింది. కానీ ఒక్క ఓటమీ లేని 28 గెలుపులకీ, వెయ్యిలో 155కీ మధ్య ఉన్న తేడాలో ఎంతోకొంత ఆ హ్యాష్‌ది, ఆ గడియారానిది అని నా నమ్మకం.

టీసీఈసీ అనే ఇంజిన్ల పోటీల్లో సీపీయూ ఇంజిన్లన్నీ ఒకే సర్వర్ మీద ఆడతాయి. 2018 నుంచి లీలా లాంటి వాటికి పక్కన జీపీయూలు పెట్టారు. రెండూ సమానమని ఎవరూ ప్రమాణం చేయలేరు. ధరతో కొలుద్దామంటే రేట్లు నెలనెలా మారతాయి. నా మటుకు నేను కరెంటుతో కొలుస్తాను. గోడ సాకెట్ దగ్గర వాట్ మీటర్ పెట్టి, రెండూ ఇంచుమించు అంతే లాగేటట్టు చూసుకుంటాను. అది కూడా నిఖార్సయిన కొలత కాదు, పాత కార్డుకి అన్యాయమే. కానీ బిల్లు కట్టేది నేనే కదా.

హార్డ్‌వేర్ ఎంత కావాలంటే అంత తెచ్చుకోండి అనే పోటీలంటే నాకు కోపం లేదు. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూలో 480 చెస్ చిప్పులు, సెకనుకి 20 కోట్ల పొజిషన్లు. దాన్ని ఎవరూ ప్రోగ్రాముల పోటీ అనలేదు. ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో 2008లో బీజింగ్‌లో రిబ్కా అనే ఇంజిన్ 40 కోర్ల క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్లు)తో వచ్చింది. మరుసటి ఏడాది పాంప్లోనాలో ఎనిమిది కోర్లకి మించొద్దని నియమం పెడితే పెద్ద రభస అయింది. అది మంచి నియమమే అని నేనంటే, మా కుర్రాడు ఒప్పుకోడు. వంద కోర్లని సరిగా వాడుకోవడం కూడా ప్రోగ్రామ్ గొప్పే కదన్నా అంటాడు. వాడి మాటలోనూ నిజముంది. ఎనిమిది థ్రెడ్లు ఇస్తే ఎనిమిది రెట్లు బలం రాదు, ఎంత రాబట్టుకుంటుంది అన్నది రాసినవాడి నేర్పు. అయితే ఆ నేర్పుని చూడాలంటే ఎదుటివాడికీ ఎనిమిది ఇవ్వాలి, వీడు మొదట చేసినట్టు ఒకటి ఇచ్చి కాదు. రిబ్కా గెలిచిన ఆ టైటిళ్లు 2011లో రద్దయ్యాయి గానీ, ఆ కారణం హార్డ్‌వేర్ కాదు, కోడ్ కాపీ గొడవ. అది ఇంకోసారి రాస్తాను.

ఒక మాట లెక్క గురించి. అన్నీ సమానంగా పెట్టినా వంద ఆటలతో ఏమీ తేలదు. వందకి 55 స్కోరు వస్తే రేటింగ్‌లో 35 పాయింట్లు పైన ఉన్నట్టు, కానీ వంద ఆటల్లో పొరపాటు అంచనా అటూ ఇటూ 50 పాయింట్లు ఉంటుంది. అంటే ఆ 35 ఉండొచ్చు, లేకపోవచ్చు. సెట్టింగులు సరిచేయడానికి పూట పట్టినా, ఆటలు వేలల్లో నడవాలి. స్టాక్‌ఫిష్ వాళ్లు చిన్న చిన్న మార్పులని కూడా తమ టెస్టింగ్ వేదిక ఫిష్‌టెస్ట్‌లో అట్లాగే తేలుస్తారు. వాలంటీర్లు ప్రపంచమంతా తమ సిస్టమ్‌లు ఇస్తారు, కొత్తదీ పాతదీ ఒకే సిస్టమ్ మీద ఆడతాయి, సిస్టమ్ వేగాన్ని బట్టి సమయం సర్దుతారు.

ఇప్పుడు మా కుర్రాడు తన ఇంజిన్‌కి ఎన్‌ఎన్‌యూఈ పెడుతున్నాడు. నెట్‌వర్క్ ఉన్న వెర్షన్‌నీ లేని వెర్షన్‌నీ వాడి కొత్త ల్యాప్‌టాప్ మీద ఒకసారి, నా పాత కోర్ 2 డుయో మీద ఒకసారి ఆడిద్దామని ఒప్పుకున్నాం. పాతదాని మీద నెట్‌వర్క్ లేనిదే గెలుస్తుందని నేను, అక్కడ కూడా ఉన్నదే గెలుస్తుందని వాడు. పందెం రెండు ప్లేట్ల ఉగ్గాని బజ్జీ. స్కోరు వచ్చాక ఇక్కడే పెడతాను, ప్రాసెసర్, బిల్డ్, థ్రెడ్లు, హ్యాష్, సమయం, ఆ పూట ఎండ ఎంతుందో కూడా రాసి.